ఎడబాటు ఎవరు చెప్పుకోవచ్చు?

ఈసారి వ్రాత కొంచెం పొడుగు. తీరిక చేసుకొని చదవండి. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చింది ముప్పై దాటినాక, సూళ్లూరుపేట స్టేషన్‌లో బుకింగ్ క్లర్కుగా ఉన్నప్పుడు. రాత్రి డ్యూటీలో బండికీ బండికీ మధ్య పెద్దబాలశిక్ష దిద్దుకున్నాను. కాబట్టి తప్పులుంటే దిద్దండి, కోపగించుకోవద్దు.

పోయిన నెల కొందరు సభ్యులు ఒక మాట అన్నారు. ప్రేమ గురించి, విరహం గురించి వ్రాయాలంటే తమిళంలో సంగం పాటలున్నాయి, ఉర్దూలో గజల్ ఉంది, మన తెలుగులో ఏముంది, భక్తి తప్ప, అని. ఆ మాట నన్ను వదల్లేదు. దానికి జవాబు వ్రాద్దామని కూర్చుంటే ముందుగా మా అవ్వ గుర్తుకొచ్చింది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మా తాత 1938 ప్రాంతంలో మద్రాసులో ఓడ ఎక్కి రంగూన్ పోయినాడు. ఆ కాలంలో మనవాళ్లు చాలామంది పోయినారు. బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలు అనేవాళ్లు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీద వచ్చిన మాట అది. మన యానాం సభ్యులకు ఇది నాకంటే బాగా తెలుసు. తాత మొదట డబ్బు పంపినాడు, ఉత్తరాలు పంపినాడు. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకుంది. లక్షలాది మంది కొండలు దాటి అస్సాం వైపు నడిచి వచ్చినారు. మా తాత రాలేదు. పోయినాడని కబురూ రాలేదు. అవ్వ తాళి తీయలేదు, పూలు పెట్టుకోలేదు. నలభై ఏళ్లు అట్లే ఉండింది. తెల్లవారుజామున తిరగలి దగ్గర ఏదో పాడుకునేది. మేము పిల్లలం దగ్గరికి పోతే ఆపేసేది. "ఏం పాట అవ్వా?" అంటే "పాటేముందిరా, పిండి విసరడానికి ఊపిరి" అనేది.

ఆ పాట ఒక్కటి కూడా ఇంట్లో ఎవరమూ వ్రాసుకోలేదు.

బడిలో మా తమిళ అయ్యవారు పదో తరగతిలో కుఱుందొగై చెప్పినారు. రెండు వేల ఏళ్ల నాటివి అని పండితులు చెప్పే పాటలు, నాలుగు వందలకు ఒకటో రెండో ఎక్కువ. ఒక్కొక్కటి నాలుగు నుంచి ఎనిమిది పాదాలు. 1937లో ఉ.వే. స్వామినాథయ్యర్ గారు వ్యాఖ్యానంతో అచ్చు వేసినారు. అందులో అయ్యవారు మాకు నేర్పింది ఇది: సంగం కవులకు ప్రేమ అంటే ఒక భూమి. కొండ అయితే కలయిక, దానికి పేరు కురింజి. అడవి అయితే ఓపికగా ఎదురుచూడడం, అది ముల్లై. పొలాల ఊరు అయితే అలక, అది మరుదం. సముద్రపు ఒడ్డు అయితే దుఃఖం, అది నెయ్దల్. ఎండిన దారి అయితే ఎడబాటు, అది పాలై. వర్షం లేక కొండ, అడవి ఎండిపోతే అదే పాలై అవుతుందని శిలప్పదికారం చెబుతుంది. అంటే ఎడబాటుకు వేరే దేశం లేదు. ఉన్న ఊరే ఎండిపోతుంది. మా అవ్వ ఇంటి వాకిలి నాకు అట్లే కనిపించేది.

ఇంకొక నియమం ఉంది. ఈ ప్రేమ పాటల్లో ప్రేమికుల పేర్లు చెప్పకూడదని తొల్కాప్పియం శాసించింది. 'ఆమె', 'అతడు', 'చెలి', 'తల్లి' అంతే. అతడు ఎందుకు పోతాడో కూడా జాబితా ఉంది: చదువుకు, యుద్ధానికి, రాయబారానికి, డబ్బుకు. ఓడ ప్రయాణం ఆడవాళ్లతో కలిసి చేయడం ఆచారం లేదు అని ఒక సూత్రానికి పెద్దలు అర్థం చెబుతారు. ఆ సూత్రం మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాను. రంగూన్ ఓడ ఎక్కిన మొగుడూ, ఒడ్డున మిగిలిన భార్యా అప్పుడే ఉన్నారన్న మాట.

ఇప్పుడు మనకు, తమిళనాడులో ఉన్న తెలుగువాళ్లకు, ముఖ్యమైన సంగతి. ఆ పాటల్లో అతడు పోయే దేశం ఏది? చాలా పాటల్లో వేంగడం కొండ అవతల, అంటే మన తిరుమల కొండల అవతల, భాష మారిపోయే దేశం. అక్కడ ఉండేవాళ్లను వడుగర్ అన్నారు. వడుగులంటే మనమే. మామూలనార్ అనే కవి ఈ దేశాన్ని మళ్లీ మళ్లీ చెబుతాడు. కుఱుందొగైలో ఆయన పాట ఒకటుంది. ఏడ్చి ఏడ్చి చిక్కిపోయిన ఆమె చివరికి నిశ్చయించుకుంటుంది: అతడు వడుగుల సరిహద్దు దాటి, భాష వేరయిన చోట ఉన్నా సరే, నేనే అక్కడికి పోతాను అని.

అంటే ఆ కాలపు తమిళ స్త్రీకి ప్రపంచంలో అతి దూరమైన చోటు మన ఊరు. నేను సూళ్లూరుపేటలో టికెట్లు ఇచ్చిన మూడేళ్లూ ఆ సరిహద్దు మీదే కూర్చున్నాను. ఇటు పక్క ప్రయాణికుడు తమిళంలో అడుగుతాడు, అటు పక్కవాడు తెలుగులో అడుగుతాడు. ఒకే కిటికీ. పాట గుర్తొచ్చినప్పుడల్లా అనిపించేది, ఆమె ఎదురు చూసిన మనిషి ఈ కిటికీ దగ్గరికే వచ్చి ఉంటాడు అని.

ఆ పాటలు అన్నీ మగవాళ్లు వ్రాసినవి కావు. వెళ్లివీదియార్ అనే కవయిత్రి ఉంది. ఆమె పాటల్లోని ఎడబాటు కల్పన కాదు, ఆమె జీవితంలోదే అని పాత కాలం నుంచి చెబుతారు. దానికి సాక్ష్యం మరొక కవయిత్రి ఇచ్చింది. ఔవైయార్ అగనానూఱులో ఒక పాటలో, వెళ్లివీది తన మనిషిని వెదుకుతూ తిరిగినట్టు నేనూ తిరుగుతాను అని తన నాయికతో అనిపించింది. ఒక ఆడదాని బాధను ఇంకొక ఆడది పేరు పెట్టి వ్రాసి నిలబెట్టింది. పేర్లు చెప్పకూడదన్న నియమం ప్రేమికులకే. బాధపడి పాడిన కవయిత్రి పేరు మాత్రం దాగలేదు.

సరే, అదే కాలంలో మన వైపు ఏముంది? గాథాసప్తశతి ఉంది. శాతవాహన రాజు హాలుడు కూర్చినాడని చెప్పే 700 గాథలు. భాష తెలుగు కాదు, మహారాష్ట్రీ ప్రాకృతం. కానీ అందులో పారేది గోదావరి. పొలాలు, కాపు ఆడపడుచులు, బాటసారులు, అత్త అనే మాట కూడా అందులో ఉంది. మహారాష్ట్రలోని మన సభ్యులూ, ఆంధ్రలో ఉన్న చుట్టాలూ దీన్ని సమంగా మాది అనవచ్చు. ఇందులోనూ మగడు ప్రయాణం పోతాడు, ఇల్లాలు రోజులు లెక్కపెడుతుంది, వానాకాలం వచ్చినా అతడు రాడు. ఇక్కడా పేర్లు లేవు. ఇక్కడా పాట చిన్నది, చెప్పేదానికంటే దాచేది ఎక్కువ. జార్జ్ హార్ట్ అనే అమెరికా పండితుడు 1975లో ప్రాచీన తమిళ పాటల మీద పుస్తకం వ్రాసి, ఈ గాథలకూ సంగం పాటలకూ ఉన్న పోలికలను చూపించినాడు. దక్కన్ నుంచి దక్షిణం దాకా జనంలో ఉన్న ఒకే పాటల సంపద నుంచి రెండూ వచ్చి ఉండాలని ఆయన వాదం. తిరగలి దగ్గర పాడే ఆడవాళ్లను చూసినవాడికి ఆ వాదం వింతగా తోచదు. మన శ్రీనాథుడు పడుచు వయసులో ఈ సప్తశతిని తెలుగు చేసినానని తానే చెప్పుకున్నాడు. ఆ పుస్తకం మనకు దక్కలేదు. తెలుగులో ఏముంది అని అడిగేవాళ్లు, ఏం పోయిందో కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక అరబ్బు దేశం చూద్దాం. అక్కడి కథ వేరు దారి పట్టింది. లైలా మజ్నూ అందరికీ తెలుసు. మనవాళ్లకు 1949లో భరణీ వారి సినిమాతో బాగా తెలిసింది, భానుమతి, నాగేశ్వరరావు నటించినారు. కథ పుట్టింది అరబ్బు ఎడారిలో. బనూ ఆమిర్ తెగవాడు కైస్. పారసీకంలో నిజామీ 1188లో దాన్ని పెద్ద కావ్యం చేసినాడు. కైస్ చేసిన తప్పేమిటో చూడండి. లైలా పేరు పెట్టి నలుగురిలో పాడినాడు. పరువు పోయిందని ఆమె తండ్రి పిల్లనివ్వలేదు. తొల్కాప్పియం ఏది చేయవద్దన్నదో, అక్కడ అదే కథకు మూలం. ఇక్కడ సంగం పాటల్లో కూడా ఊరి గుసగుసలకు ప్రేమికులు భయపడతారు. ఆ భయం రెండు దేశాల్లోనూ ఒకటే. ఇక్కడ కవి పేరు దాచి ఆ భయాన్ని గౌరవించినాడు, అక్కడ ప్రేమికుడు పేరు చాటి దాన్ని ఎదిరించినాడు.

తర్వాత ఏమయింది? కైస్ పిచ్చివాడై ఎడారికి పోయినాడు, జంతువులతో ఉన్నాడు, పాటలు పాడినాడు. లోకం అతన్ని మజ్నూన్ అని పూజించింది. లైలాకు వేరొకనితో పెళ్లి చేసినారు. ఆమె డేరాలోనే ఉండిపోయింది. ఎడారికి పోయే స్వేచ్ఛ కూడా ఆమెకు లేదు. బాధ ఇద్దరిదీ, అందులో పేరు వచ్చింది ఒకరికి.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చిన కథ దేవదాసు. శరత్‌బాబు నవల 1917లో అచ్చయింది. 1953లో తెలుగులోనూ తమిళంలోనూ సినిమా వచ్చింది. మా నాయన రెండూ చూసినాడు, తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి ఏడ్చినానని నవ్వుతూ చెప్పేవాడు. రైల్వే మనిషిని కాబట్టి నాకు గుర్తుండేది ఆ నవలలో చివరి ప్రయాణం. దేవదాసు బండిలో దేశమంతా తిరిగి, పాండువా స్టేషన్‌లో దిగి, ఎడ్లబండి ఎక్కి పార్వతి ఊరికి పోయి, ఆమె గడప బయట చచ్చిపోతాడు. పార్వతి పరుగెత్తుతుంది, ఇంటివాళ్లు ఆపేస్తారు. ఒకరికి టికెట్ ఉంది, ఒకరికి గడప దాటే హక్కు లేదు. 1188 నాటి ఎడారి, 1917 నాటి బెంగాలు, లెక్క మారలేదు.

ఇప్పుడు మన తెలుగుకు వస్తాను. 17వ శతాబ్దంలో కృష్ణా తీరాన మువ్వ నుంచి క్షేత్రయ్య వచ్చినాడు. మధురలో తిరుమల నాయకుని దగ్గర, తంజావూరులో విజయరాఘవ నాయకుని దగ్గర, గోలకొండలో పాడినానని ఆయనే ఒక పదంలో లెక్కతో సహా చెప్పుకున్నాడు. ఆ లెక్క వేలల్లో ఉంది. ఇప్పుడు దొరికేవి కొన్ని వందలే. ఆ పదాల్లో మాట్లాడేది ఎక్కువగా ఆడమనిషి. మువ్వగోపాలుడు దేవుడే, కానీ రాత్రి వేరే ఇంటికి పోయి తెల్లారి తలుపు తట్టే మగవాడు కూడా. ఆమె అతన్ని నిలదీస్తుంది, ఎత్తిపొడుస్తుంది, మళ్లీ పిలుస్తుంది. భరతుడు నాయికలను ఎనిమిది అవస్థలుగా చెప్పినాడు. క్షేత్రయ్య ఆ అవస్థలకు ఇంటి మాట ఇచ్చినాడు.

తమిళ మరుదం పాటల్లోనూ ఇదే ఉంది. వేరొకతె ఇంటి నుంచి వచ్చిన మగడు, తలుపు తీయని భార్య, మధ్యలో రాయబారం చేసే చెలి. పదిహేను వందల ఏళ్ల తేడాలో అదే తలుపు. కానీ తేడా ఒకటి నాకు కనిపిస్తుంది. తమిళ పాట బాధను బయట పెడుతుంది: చెరువులో, చేపలో, ఎండిన చెట్టులో. వినేవాడు వెదుక్కోవాలి. తెలుగు పదం బాధను నేరుగా మాటగా అతని ముఖం మీదే అంటుంది. అందుకే దానికి పాడేవాళ్లు, అభినయించేవాళ్లు కావాలి. ఆ పని చేసింది దేవదాసీలు. మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇల్లు, ఆమె మనుమరాళ్లు బృంద, బాలసరస్వతి, తమిళం మాట్లాడే ఆ ఇంటివాళ్లు మన పదాలను గొంతులో, చేతుల్లో పెట్టుకుని కాపాడినారు. మనం చదవడం మానేసిన కాలంలో వాళ్లు పాడడం మానలేదు. ఈ రుణం మన సంఘం ఎప్పుడైనా బాహాటంగా ఒప్పుకుందా?

అయినా క్షేత్రయ్య మగవాడే. రోములో ఓవిడ్ అనే కవి పెనెలోపీ మొదలైన స్త్రీలు తమ మగవాళ్లకు వ్రాసినట్టుగా ఉత్తరాలు కల్పించి వ్రాసినాడు. అదీ ఇదీ ఒక తీరు, ఆడదాని బాధ మగవాని కలంతో. తప్పని కాదు. కానీ ఆమే వ్రాస్తే ఎట్లుంటుంది?

అదీ మన తెలుగులోనే జరిగింది, అదీ తమిళ దేశంలోనే. 18వ శతాబ్దంలో తంజావూరులో మరాఠా రాజు ప్రతాపసింహుని కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి రాధికా సాంత్వనము వ్రాసింది. 584 పద్యాలు. రాజు మరాఠీ, ఊరు తమిళం, కావ్యం తెలుగు. మన సంఘం పటం అంతా ఆ ఒక్క కొలువులో ఉంది. మగ కవులు తండ్రి తాతల పేర్లు చెప్పుకుంటే, ఆమె తన తల్లి పేరు, అవ్వ పేరు గర్వంగా చెప్పుకుంది.

కథ ఏమిటంటే, ఇళాదేవి అనే పిల్లను రాధే పెంచింది. ఆ పిల్లకు కృష్ణునితో పెళ్లి కూడా రాధే చేయించింది. కొత్త పెళ్లికూతురికి బుద్ధులు చెప్పి పంపింది. తర్వాత ఒంటరిగా కూర్చుని తట్టుకోలేకపోయింది. లైలాకు తండ్రి అడ్డం, పార్వతికి కులం, అంతస్తు అడ్డం. రాధకు అడ్డం తాను చేసిన మంచిపనే. ఎవరిని తిట్టాలి? వయసు మళ్లుతున్న స్త్రీకి కూడా కోరిక ఉంటుంది, కోపం ఉంటుంది, ఆమెనూ బతిమాలాలి అని చెప్పిన కావ్యం అది. చివరికి కృష్ణుడే వచ్చి ఆమెను ఓదార్చాలి. పేరులోనే ఉంది, సాంత్వనము. నేను చదివిన ఇన్ని దేశాల విరహాల్లో, బాధపడ్డ ఆడమనిషి చావకుండా, మగవాడు తల వంచి రావడంతో ముగిసేది ఇదొక్కటి.

దీనికి మనం ఏం చేసినాం? కందుకూరి వీరేశలింగం పంతులు గారంతటివారు, ఆడవాళ్లకు ఎంతో మేలు చేసిన మనిషి, ఈ కావ్యాన్ని ఆడది వ్రాయదగినది కాదని నిందించినారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ గారు దాన్ని సరిగా పరిష్కరించి వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించినారు. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లు ఇట్లాంటివే వ్రాస్తే తప్పు లేదా అని పీఠికలో అడిగినారు. 1911లో ప్రభుత్వం అశ్లీలమని ప్రతులు పట్టుకుంది. ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గానీ నిషేధం పోలేదు. 1952లో మళ్లీ అచ్చయింది. నాగరత్నమ్మ గారు పోయినది కూడా ఆ ఏడాదే. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి మందిరం కట్టించినది ఆవిడే అని అందరం చెప్పుకుంటాం. ఈ పుస్తకం సంగతి చెప్పుకోం.

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్ల క్రితం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పెట్టుకున్నాం. మా తమ్ముని కూతురు, కాలేజీ పిల్ల, ముద్దుపళని మీద మాట్లాడతానని పేరిచ్చింది. తమిళ లిపిలో తెలుగు వ్రాసుకుని రెండు వారాలు తయారయింది. కార్యక్రమం పట్టిక వేస్తుంటే ఒక పెద్దాయన, "ఆడపిల్ల మాట్లాడే విషయమా ఇది? ఇళ్లల్లోవాళ్లు వస్తారు" అన్నారు. ఎవరూ బదులు చెప్పలేదు. పట్టిక నా చేతిలో ఉంది. ముప్పై అయిదేళ్లు రిజిస్టరులో కొట్టివేతలు చేసిన చెయ్యి. స్కేలు పెట్టి నీటుగా ఆ పేరు కొట్టేసినాను.

ఆ పిల్లకు, "వేరే ఏదైనా మాట్లాడమ్మా, పోతన ఉన్నాడు" అన్నాను. "సరే పెద్దనాయనా" అంది. ఆ రోజు రాలేదు. తర్వాత ఏ సంవత్సరమూ రాలేదు. ఇప్పుడు పెళ్లయి హోసూరులో ఉంది, పిల్లలతో తమిళమే మాట్లాడుతుంది. తెలుగులో ఏముంది అని మనవాళ్లు అడిగితే, ఉన్నదాన్ని నేనే కొట్టేసినాను అని చెప్పుకోవాలి గదా. ఆనాడు ఆ పెద్దాయన్ను తప్పు పట్టేందుకు ఇది వ్రాయలేదు. ఆయన ఒక మాట అన్నారు. కలం పట్టింది నేను.

మా అవ్వ మేము దగ్గరికి పోతే పాట ఎందుకు ఆపేదో ఇప్పుడు తెలుస్తోంది. పట్టిక వేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇంట్లోనే ఉన్నారు.

సభ్యులకు నా మనవి రెండే. ఒకటి, మీ ఇళ్లల్లో ఎనభై దాటిన అవ్వలు, అత్తలు ఉంటే, తిరగలి పాటలు, దంపుళ్ల పాటలు, లాలి పాటలు ఏవి గుర్తున్నా ఫోన్‌లో పాడించి పెట్టండి. అర్థం కాకున్నా ఫరవాలేదు, మన కన్నడపు తెలుగైనా, తమిళపు తెలుగైనా, ఒడియా కలిసిన తెలుగైనా ఫరవాలేదు. పాట మధ్యలో ఆపేస్తే, గదిలో మగవాళ్లు బయటికి పోయి, ఆడపిల్లలను కూర్చోబెట్టండి.

రెండోది, వచ్చే ఆగస్టు 29కి ముద్దుపళని పేరు పట్టికలో పెట్టాలని కమిటీకి కాగితం ఇచ్చినాను. మాట్లాడేవాళ్ల పేరు చోట ఖాళీ వదిలినాను. ఈ వ్యాసం మా తమ్ముని కూతురికి కూడా పంపినాను. ఆమెకు తెలుగు లిపి రాదు, అందుకని తమిళ లిపిలో మళ్లీ వ్రాసి పంపినాను. నీలం టిక్కులు పడినాయి. జవాబు ఇంకా రాలేదు. చూస్తూ ఉన్నాను.

మీ అభిప్రాయాలు కింద వ్రాయండి.